సభ్యుల పుస్తకంలో లేని మామయ్య

మా సంఘానికి అరవై ఏళ్ళు నిండుతున్నాయి, చరిత్ర రాయించాలి అని కమిటీ తీర్మానించిన రోజు నేను ఆ మీటింగులో లేను. ఉంటే ఒప్పుకునేదాన్ని కాదు. బడి పిల్లల పరీక్ష కాగితాలు దిద్దడానికే నాకు టైము చాలదు. కానీ మా వాళ్ళ సంగతి తెలిసిందే, మీటింగుకు రాని వాళ్ళ నెత్తినే పని పెడతారు. పైగా "సంఘాన్ని నిలబెట్టిన పెద్దాయన కూతురివి, నువ్వు కాకపోతే ఇంకెవరు రాస్తారమ్మా?" అంటూ మునగచెట్టు ఎక్కించారు. ఎక్కాను. దిగడం చేతకాక రాయడం మొదలుపెట్టాను.

మొదట్లో హాయిగానే సాగింది. టైర్ల దుకాణం మీద అద్దెకు తీసుకున్న గది, పదకొండు మంది మనుషులు, మెట్లెక్కుతుంటేనే గుప్పుమనే రబ్బరు వాసన. మాది మెన్నోనైట్ సంఘం. మెన్నోనైట్ అంటే ఏమిటని అడిగిన వాళ్ళకు మా నాన్న మూడు ముక్కల్లో చెప్పేవారు. మేం యుద్ధానికి వెళ్ళం, ఒట్టు వెయ్యం, పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వం. ఒట్టు వెయ్యం గనక మాలో అవునంటే అవును, కాదంటే కాదు. మధ్యలో నీళ్ళు నమిలే వాళ్ళంటే నాన్నకు ఒళ్ళు మంట. ఇక బాప్తిస్మం, పెద్దయ్యాక ఎవరికి వాళ్ళు కోరి వచ్చి అడగాలి. అడగమని కన్నవాళ్ళు కూడా తొందరపెట్టకూడదు. ఈ ఆఖరి మాట గుర్తుంచుకోండి, అసలు గొడవంతా ఇక్కడే ఉంది.

ఆ గదిలోంచి ఇప్పుడున్న మందిరంలోకి వచ్చేసరికి కథ నిండా వడ్రంగి మామయ్యే. ఆయన నాకు చుట్టరికం ఏమీ కాదు. సంఘంలో రెండు తరాల పిల్లలు ఆయన్ని మామయ్య అనే పిలిచారు. జేబులో కొలత టేపు లేకుండా ఆయన్ని చూసిన వాళ్ళు లేరు గనక కొంటె పిల్లలు కొలత మామయ్య అనేవాళ్ళు. మందిరంలో ఇరవై రెండు బల్లలూ ఆయన చేతి పనే. తలుపులు, కిటికీ రెక్కలు, ముందు రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభు బల్ల, పాటల పుస్తకాల అలమర, అన్నీ ఆయనవే. ఆదివారం అందరికంటే ముందొచ్చి తాళం తీసేది ఆయనే, అందరూ వెళ్ళాక వేసేదీ ఆయనే. కూర్చునేది మాత్రం ఎప్పుడూ చిట్టచివరి బల్ల మీద, తలుపు పక్కన. "ముందుకు రా మామయ్యా" అంటే, "వెనక కూర్చుంటేనే ఏ బల్ల కిర్రుమంటోందో తెలుస్తుంది" అనేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఆ ఊసెత్తితే "కొలతలు కుదర్లేదు" అని నవ్వేసేవాడు. ఇంటి ముందు గదిలో బట్టలు కుట్టే అక్క, వెనక వసారాలో తన కొట్టు, ఇదే ఆయన లోకం.

నేను రాస్తున్నది చరిత్రే అయినా ఒక మాట సూటిగా చెప్పేస్తాను. నా చిన్నతనంలో నేను మందిరానికి ఇష్టంగా వెళ్ళానంటే అది దేవుడి కోసం కాదు, మామయ్య కోసం. మూడు నెలలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచే ఆదివారం వచ్చేది. బాప్తిస్మం తీసుకున్న వాళ్ళే అందులో పాలు పంచుకోవాలి. ఆ గంటసేపూ పిల్లలందరినీ పోగేసుకుని మామయ్య పెరట్లోకి తీసుకుపోయేవాడు. సంచీ నిండా చెక్క ముక్కలు తెచ్చేవాడు. వాటితో ఇళ్ళు కట్టేవాళ్ళం, కూలగొట్టేవాళ్ళం, కొట్టుకునేవాళ్ళం. చిత్రిక పట్టినప్పుడు రాలే పల్చటి చెక్క చుట్టలు తెచ్చి ఆడపిల్లల జడల్లో పెట్టేవాడు. ఏడ్చే పిల్లను భుజానేసుకుని లోపలి పాటకు తనూ గొంతు కలిపేవాడు. మా సంఘంలో వాయిద్యాలుండవు, ఒట్టి గొంతులే. గోడవతల నుంచి కూడా ఆయన గొంతు విడిగా వినపడేదని మా అమ్మ అనేది. మేం పెద్దవాళ్ళమయ్యాం, ఒక్కొక్కరం బాప్తిస్మం తీసుకుని ఆ ఆదివారాలు లోపలికి వెళ్ళిపోయాం. ఆయన మా తర్వాతి పిల్లలతో పెరట్లోనే ఉండిపోయాడు. అప్పుడు మాలో ఒక్కరికైనా అనుమానం రాలేదు.

ఆ అనుమానం నాకు యాభై నాలుగో ఏట, సభ్యుల పుస్తకం ముందేసుకుని కూర్చున్నప్పుడు వచ్చింది. వేడుక రోజున అందరి పేర్లూ చదవాలి, జాబితా తయారు చెయ్యమన్నారు. మొదటి పేజీ నుంచి చివరి దాకా రెండుసార్లు చూశాను. మామయ్య పేరు లేదు. గుమాస్తా పని చేసిన వాళ్ళెవరో ఎగరగొట్టేశారని ఒంటికాలి మీద లేచాను. అప్పటికప్పుడే పుస్తకం చంకన పెట్టుకుని పాస్టరు గారింటికి వెళ్ళాను. మా పాస్టరు గారు కుర్రవాడు. మామయ్య చేతిలో చెక్క ముక్కలతో ఆడుకున్న ఆఖరి తరం వాడు.

"తప్పు పడి ఉంటుంది టీచరమ్మా, రాసేద్దాం" అన్నాడు ముందు. తర్వాత తనే ఆగాడు. "ఆయన రొట్టె తీసుకోగా మీరెప్పుడైనా చూశారా?"

లేదని తల ఊపాను.

"నేనూ చూడలేదు" అన్నాడు. "ఆయనకు బాప్తిస్మం కాలేదేమోనన్న ఆలోచనే రాలేదు నాకు. అయినా మనం అడక్కూడదు కదా, ఆయనే అడగాలి."

అదీ సంగతి. ఒకరి తరఫున ఒకరం అడగం అనే మంచి నియమం పెట్టుకుని, ఒక మనిషిని ఇన్నేళ్ళు గుమ్మం దగ్గర నిలబెట్టేశాం. ఆయన చేసిన బల్లల మీద కూర్చుని, ఆయన తీసిన తలుపులోంచి వచ్చి పోతూ, ఒక్కరమంటే ఒక్కరం గమనించలేదు. ఇలాంటి తప్పు చెయ్యడానికి మా వాళ్ళంత నిష్ఠ కావాలి. నాకు తల తీసేసినట్టయింది.

ఎందుకిలా జరిగిందో తెలుసుకోకుండా ఉండలేకపోయాను. ఆరా తీయడం టీచర్ల జబ్బు. అలమర అడుగున పాత తీర్మానాల పుస్తకాలున్నాయి. మాలో బాప్తిస్మం సాధారణంగా ఆ ఈడులోనే అడుగుతారు గనక మామయ్యకు పంతొమ్మిదేళ్ళు ఉండాల్సిన ఏడాది పుస్తకం తీశాను. అంతా మా నాన్న రాత. నాకు అక్షరాలు దిద్దబెట్టిన రాత, ఎక్కడా ఒక్క కొట్టివేత ఉండదు. ఒక పేజీలో ఇలా ఉంది:

"వడ్రంగి అబ్బాయి అక్క వచ్చినది. పెనిమిటి కొడుతున్నాడని చెప్పుకొన్నది. ఓర్పు వహించవలెనని, ప్రార్థన చేయవలెనని చెప్పి ఇంటికి పంపడమైనది."

ఎదుటి పేజీలో, పద్దెనిమిది రోజుల తర్వాత తేదీ వేసి:

"బాప్తిస్మం కోరిన వడ్రంగి అబ్బాయిని ప్రశ్నించడమైనది. బావగారి చేయి విరగగొట్టినది నిజమేనన్నాడు. ఎవరి మీదా చేయి ఎత్తనని మాట ఇవ్వగలవా అన్న మూడవ ప్రశ్నకు, ఇవ్వలేను, ఆయన మళ్ళీ మా అక్కను కొడితే మళ్ళీ విరగగొడతాను అన్నాడు. ఇంకా సిద్ధంగా లేడు. మాట ఇవ్వగలిగిన రోజున తానే వచ్చి అడగవలెనని చెప్పడమైనది."

రెండు పేజీలు పక్కపక్కనే ఉన్నాయి. రాసిన మనిషి ఒక్కడే. ఈ పేజీకీ ఆ పేజీకీ సంబంధం ఉందని రాస్తున్నప్పుడు ఆయనకు తట్టలేదా? మా నాన్న దుర్మార్గుడు కాదు. ఎవరింట్లో జ్వరమైనా రాత్రనక పగలనక వెళ్ళి కూర్చునే మనిషి. నాకు తెలిసిన మంచిలో సగం ఆయన దగ్గర నేర్చుకున్నదే. అందుకే అంత కోపం వచ్చింది నాకు. చచ్చిపోయి ఇరవై ఏళ్ళయిన తండ్రి మీద కోపం వస్తే ఎక్కడ చూపించుకోవాలో తెలియదు.

మర్నాడు బడి అయిపోగానే మామయ్య కొట్టుకు వెళ్ళాను. ముందు గదిలో కుట్టుమిషను మీద అక్క ఉంది. డెబ్భై ఏళ్ళొచ్చినా ఇప్పటికీ సూదిలో దారం తనే ఎక్కించుకుంటుంది. ఆ పద్దెనిమిది రోజుల్లో ఎప్పుడో తమ్ముడింటికి వచ్చేసిన మనిషి, మళ్ళీ అత్తవారి గడప తొక్కలేదు. "వసారాలో ఉన్నాడు, వెళ్ళు. పొద్దున్నించీ ఆ తలుపుతో కుస్తీ పడుతున్నాడు" అంది.

మామయ్య ఎవరింటిదో ఉబ్బిన తలుపు అంచుకు చిత్రిక పడుతున్నాడు. నేను డొంకతిరుగుడు లేకుండా చదివింది చెప్పేశాను. ఆయన చెయ్యి ఆపలేదు.

"ఇంకా ఉన్నాయా ఆ పుస్తకాలు?" అన్నాడు. "మీ నాన్న రాత ముత్యాల్లా ఉండేది."

"రాతకేం మామయ్యా. రాసింది చూడు."

"తప్పేం రాశారు? నేనన్నది అన్నట్టే రాశారు."

"అప్పుడు కాదన్నావు, సరే. తర్వాత ఎప్పుడూ నీకు కావాలనిపించలేదా?"

అప్పుడు ఆపాడు చిత్రిక. "ఎందుకనిపించదు? నలభై ఎనిమిదేళ్ళుగా అనిపిస్తూనే ఉంది. ఆ ప్రభు బల్ల చేసింది నేనే కదా. ఒక్కసారి దాని మీద రొట్టె తినాలని ఉండదా అమ్మాయ్? కానీ ఆ ప్రశ్న అడుగుతారు. అవునంటే అబద్ధం అవుతుంది. అబద్ధం చెప్పి లోపలికి వెళ్ళడం కంటే నిజం చెప్పి పెరట్లో ఉండటం నయమనుకున్నాను. మీరంతా ఉండేవాళ్ళు కదా, నాకేం తోచకపోలేదు."

మాట మార్చడానికి, "బావగారి మీద ఇంకా కోపమేనా?" అన్నాను. అడిగాక నాలుక కరుచుకున్నాను. ఆ బావ ముసలితనంలో కాలూ చెయ్యీ పడిపోయి, చూసే దిక్కులేక వస్తే, ఇదే ఇంట్లో మామయ్య నాలుగు నెలలు ఆయనకు నీళ్ళు పోసి అన్నం తినిపించిన సంగతి ఊరందరికీ తెలుసు.

"బావనా?" అన్నాడు. "బావను ఎప్పుడో వదిలేశాను. ఆయన చేసిన దానికి ఆయన పడ్డాడు. నేను వదల్లేకపోయింది మీ నాన్నను."

తలుపు అంచును బొటనవేలితో తడుముతూ మెల్లిగా చెప్పుకొచ్చాడు. "మా అక్క టైర్ల దుకాణం మీద గదికి వెళ్ళినప్పుడు మెట్ల కింద నేనున్నాను. పెద్దాయనకు చెప్పుకుంటే ఏదో ఒకటి చేస్తారని నేనే తీసుకెళ్ళాను. పావుగంటలో దిగొచ్చింది. ఓర్చుకోమన్నారురా అంది. ఆ మొహం ఇప్పటికీ కనపడుతుంది నాకు. మీ నాన్న పోయినప్పుడు పెట్టె చేసింది నేనే, తెలుసుగా. అంచులు ఎంత నున్నగా చేశానో. పని పాడు చెయ్యలేదు. కానీ కోపం పోలేదు."

"ఆయన నీతో ఎప్పుడూ మాట్లాడలేదా దీని గురించి?"

"పోయే ముందు ఏడాది ఒకరోజు వచ్చారు. ఇదిగో, నువ్వు కూర్చున్న చోటే కూర్చున్నారు. ఏ చెక్క మంచిది, ఏది పుచ్చుతుంది, గంటసేపు అదే మాట్లాడారు. చెక్కకూ ఆయనకూ సంబంధమేమిటి చెప్పు. అడగడానికే వచ్చారు. నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. నేనైనా కదిపి ఉండాల్సింది, ఊరుకున్నాను. ఇద్దరం మొండివాళ్ళమే."

"అయితే ఆయన తరఫున నేను అడుగుతున్నాను మామయ్యా. క్షమించు."

"నువ్వప్పుడు ఆరేళ్ళ పిల్లవి. నీ తప్పేముంది?"

"నాది కాదు. అయినా అడుగుతున్నాను. ఆయన దగ్గర రాత తీసుకున్నాను, మంచి పేరు తీసుకున్నాను, ఈ కోపం కూడా ఆయన దగ్గర తీసుకున్నదే. ఇదొక్కటీ నాది కాదని వదిలేస్తే బాగుంటుందా?"

ఆయన చిత్రిక కింద పెట్టాడు. ముందు గదిలో మిషను చప్పుడు కూడా ఎప్పుడాగిందో ఆగిపోయింది. చివరికి "సరే" అన్నాడు. మా వాళ్ళలో సరే అంటే సరేనే, దానికి ఒట్టు అక్కర్లేదు. ఆ మాట విన్నప్పుడు నాకెంత తేలిగ్గా అనిపించిందో చెప్పలేను. తండ్రిని నాకు తిరిగి ఇచ్చినట్టు అనిపించింది.

"కానీ అమ్మాయ్," అన్నాడు మళ్ళీ చిత్రిక అందుకుంటూ, "కోపం పోయినా ఆ మూడో ప్రశ్నకు జవాబు మారలేదు. అదే చిక్కు."

ఇక మిగిలింది నా చిక్కు. ఆ రెండు పేజీలు చరిత్రలో రాయాలా వద్దా? అన్నయ్యకు ఫోన్ చేసి అడిగితే గయ్యిమన్నాడు. "పండగలాంటి రోజున నాన్న పరువు తీస్తావా? అరవై ఏళ్ళలో రాయడానికి ఇంకేం దొరకలేదా నీకు?" అన్నాడు. నేనూ నాలుగు అంటించాను. ఫోన్ పెట్టేశాక మూడు రోజులు కాగితం ముట్టుకోలేదు. నాలుగో రోజు అక్క దగ్గరికి వెళ్ళి, "రాయమంటావా?" అని అడిగాను. అవి ఆమె జీవితపు పేజీలు, ఆమె వద్దంటే రాసేదాన్ని కాదు. ఆమె పళ్ళ మధ్య దారం తెంపి, "అప్పుడు రాసినప్పుడు నన్నెవరూ అడగలేదు. నువ్వు అడిగావు. రాసుకో" అంది.

వేడుక ఆదివారం మందిరం కిటకిటలాడింది. అన్నయ్య మొదటి బల్ల మీద మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. మామయ్య యథాప్రకారం ఆఖరి బల్ల మీద, తలుపు పక్కన. నేను చరిత్ర చదవడం మొదలుపెట్టాను. టైర్ల దుకాణం దగ్గర నవ్వారు. రబ్బరు వాసన దగ్గర ముసలివాళ్ళు ముక్కు మూసుకున్నట్టు చేశారు. తర్వాత ఆ రెండు పేజీలూ ఉన్నవి ఉన్నట్టు చదివాను. నాన్న రాతే అని కూడా చెప్పాను. అప్పుడిక ఎవరూ నవ్వలేదు. తర్వాత నా మాటగా కొంత రాసుకున్నాను, అదీ చదివాను. "మనం కూర్చున్న బల్లలు చేసిన మనిషి పేరు ఈ జాబితాలో లేదు. ఆయన సిద్ధంగా లేడని రాసి ఉంది. ఆ రోజు సిద్ధంగా లేనిది ఆయన కాదు, మనం. ఆయన అక్కను వెనక్కి పంపినందుకు, ఆయన్ని బయట ఉంచినందుకు ఈ సంఘం ఇద్దరికీ క్షమాపణ చెప్పాలి. అంతవరకూ నేను పేర్లు చదవను."

పాస్టరు గారు లేచి నిలబడ్డాడు. లేచాడే గాని ఏం చెయ్యాలో తోచలేదు పాపం. అడగమని చెప్పకూడదు కదా. అప్పుడు వెనక బల్ల కిర్రుమంది.

మామయ్య నడవ మధ్యలోంచి నడిచొచ్చాడు. ఆయన్ని ఆ బల్లలు దాటి ముందుకు రాగా చూడటం నాకదే మొదటిసారి. జేబులో టేపు సర్దుకుని, "నేను బాప్తిస్మం అడుగుతున్నాను. ఎవరూ అడగమనలేదు. ఆ ప్రశ్నలేవో ఇప్పుడే అడగండి, అందరూ వింటారు" అన్నాడు.

బాప్తిస్మం కోరిన వాళ్ళను మాలో ఏడు ప్రశ్నలు అడుగుతారు. మొదటిదానికి అవునన్నాడు, రెండోదానికీ అవునన్నాడు. మూడోది అడగడానికి పాస్టరు గారు గొంతు సవరించుకోవాల్సి వచ్చింది. "ఎవరి మీదా చెయ్యెత్తనని మాట ఇవ్వగలవా?" చిన్నప్పుడు తనను భుజానేసుకు తిప్పిన మనిషిని ఆ మాట అడగడం అతనికి ఎంత కష్టమైందో మొహంలో కనిపించింది.

"ఇప్పుడు చేతుల్లో బలం లేదు గనక ఎత్తనని చెప్పడం తేలిక" అన్నాడు మామయ్య. "అలాంటి మాట ఇచ్చి ఏం లాభం? నిజం చెబుతాను. కళ్ళ ముందు ఒకరిని కొడుతుంటే ఊరుకుంటానని మాట ఇవ్వలేను. కొట్టేవాడికీ పడేవాళ్ళకీ మధ్య అడ్డంగా నిలబడతాను. నాకు దెబ్బలు తగిలినా సరే, జరగను. తిరిగి కొట్టకుండా ఉండటానికి నా శక్తికొద్దీ చూస్తాను. ఇంతకంటే ఇవ్వలేను. ఇది చాలదంటే చెప్పండి, నేనేం అనుకోను, ఎప్పట్లాగే తాళం వేసి వెళతాను."

చాలుతుందో చాలదో చెప్పాల్సింది సంఘం. మాలో ఓట్లుండవు, అందరూ ఒక మాట మీదికి రావాలి. పాస్టరు గారు మా వైపు చూశాడు. ముసలివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ నియమంతోనే బతికిన వాళ్ళు వాళ్ళు, దానికోసం ఉద్యోగాలు వదులుకున్న వాళ్ళున్నారు. ఆయన్ని ఇంకోసారి వెనక్కి పంపితే నేనూ ఈ మందిరంలో ఉండలేనని ఆ క్షణంలో తెలిసిపోయింది.

ఆడవాళ్ళ వైపు నుంచి అక్క లేచింది. ఇన్నేళ్ళలో ఆమె సంఘంలో నలుగురి ముందు నోరు విప్పగా ఎవరూ వినలేదు.

"ఆ రోజు పైన గదిలో మీ పెద్దలు పది మంది ఉన్నారు" అంది. గొంతు పెంచలేదు. "అందులో ఒక్కరు నాతోపాటు మెట్లు దిగి మా ఇంటి దాకా వచ్చి అడ్డంగా నిలబడి ఉంటే, మా తమ్ముడికి చెయ్యెత్తే పని ఉండేది కాదు. ఇప్పుడు వాడొక్కడే నిలబడతానంటున్నాడు. వాణ్ణి ఆ మాట అడిగారు, బాగానే ఉంది. మీరు నిలబడతారా అని మిమ్మల్ని ఎవరడగాలి?"

ముందుగా లేచింది మా అన్నయ్య. నా వైపు చూడలేదు. తిన్నగా వెళ్ళి మామయ్య పక్కన నిలబడి "నిలబడతాను" అన్నాడు. తర్వాత ఆ వెనక బల్ల, దాని వెనక బల్ల. కర్ర పట్టుకుంటే గాని లేవలేని ముసలమ్మను ఇద్దరు లేపి పట్టుకున్నారు. తొంభై ఏళ్ళు దాటిన పెద్దాయన ఒకడు, ఆ పది మందిలో మిగిలింది ఆయనొక్కడే, లేవలేక కూర్చునే చెయ్యెత్తి "నేను కూడా, అమ్మా, నేను కూడా" అని అక్క వైపు చూస్తూ ఏడ్చాడు.

మిగతా నాలుగు ప్రశ్నలు అడగడం పాస్టరు గారు మరిచిపోయాడు. ఎవరూ గుర్తు చెయ్యలేదు.